పసుపు కుప్పల నడుమ మౌనం

నిజాం రాజ్యపు చివరి ఏళ్లవి. ఆర్మూరులో నడిపయ్య ఎండిన ఆనపకాయ బుర్రలతో తంబురాలు చేసి జాతరల్లో అమ్మేవాడు, తత్వాలు పాడేవాడు. పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, కొమ్ములు రుద్ది బతికే ఆడకూలీలను కూడగట్టి ఒక భజన మేళం కట్టాడు. మేళానికి వచ్చే జొన్నలు ఆ కూలీల్లో ఒకతైన భాగ్యవ్వ ఇంట్లోని ఉమ్మడి గుమ్మిలో, అంటే గింజల గాదెలో, పడేవి. పని దొరకని వానాకాలంలో ఆ గింజలే అందరి పొయ్యిలనూ వెలిగించేవి. సేట్ల గడపల్లో చేయి చాచే అవసరం ఆ ఆడవాళ్లకు తప్పింది.

అది తక్కువ పని కాదు. అయితే నడిపయ్యకు అది చాలలేదు. తత్వం నడుస్తుండగా నోరు మెదిపితే పాపమని నియమం పెట్టాడు. వినవచ్చే రైతులు దాన్ని మనసారా నమ్మారు. వారి మౌనాన్ని ఆయన భక్తిగా లెక్కగట్టుకున్నాడు. అందులో తన అహంకారం పాలెంతో వెదకలేదు.

పసుపు కొనే అంబదాస్ సేటు ప్రతి అంగడి నాడూ జొన్నలిచ్చి మేళాన్ని పిలిపించి కుప్పల నడుమ జంపఖానా పరిపించడం మొదలుపెట్టాడు. అక్కడ బేరమంతా రుమాలు కింద. సేటు రైతు చేతిని గుడ్డ చాటుకు లాక్కొని వేళ్లు నొక్కి ధర చెబుతాడు. నచ్చని రైతు చేయి గుంజుకొని, గొంతెత్తి, పక్కవాళ్లను సాక్ష్యానికి పిలిచి తగవు పెట్టుకుంటాడు. ఆ తగవులోనే ధర పెరిగేది.

ఒకనాడు పాట ముగిశాక ధర్పల్లి రైతు రాజమల్లు వచ్చి నడిపయ్య కాళ్లు మొక్కాడు.

"మస్తు పాడిండ్రు సామీ. గని మీ పాట అయ్యేలోపట నా పసుపు పోయింది."

"పోవుడేంది?"

"సేటు ఏళ్లు ఒత్తిండు. గా ధరకు నేనియ్య అందామంటే మీరు పాడుతుండ్రి. దేవుని పాటల నోరెట్ల తెరుస్త? ఊకున్న. ఊకుంటే ఒప్పుకున్నట్టే అన్నడు."

నడిపయ్య తిన్నగా సేటు గద్దె దగ్గరికి నడిచాడు. సేటు నవ్వుతూ ఆయన అరచేతిలో పేడా మిఠాయి పెట్టాడు.

"నీ మేళం వచ్చినసంది అంగట్ల లొల్లే లేదు నడిపయ్యా. ఎనకట రైతులతోని కొట్లాడి కొట్లాడి నా గొంతు పోతుండె. ఇప్పుడు నీ గొంతు అక్కరకొస్తున్నది."

పేడా నెయ్యి వేళ్లకు అంటుకుంది. నడిపయ్య దాన్ని కుక్కకు విసిరి, చేతిని మట్టితో రుద్దుకున్నాడు. జిడ్డు పోయింది, రోత పోలేదు. ఆత్మ, పరమాత్మ అని తాను తీసిన రాగాలన్నీ ఆ రుమాలుకు పైకప్పులా తోచాయి. సేటు మీద పుట్టిన ఏవగింపు కన్నా, కళ్లు మూసుకుని తలూపుతూ పాడిన తన మొహం మీద పుట్టినదే ఎక్కువ.

భాగ్యవ్వకు చెబితే ఆమె చేట కింద పెట్టలేదు.

"ఇడిసిపెడదామంటవా అన్నా? గుమ్మి సగం గూడ నిండలే. వానల్ల నీ తత్వం ఉడకబెట్టుకొని తినాల్నా?"

"రైతు నోరు కుట్టి తెచ్చిన జొన్నలు అవి, చెల్లే."

"మా నోట్లెకు పొయ్యేటివి గూడ గవ్వే."

మరుసటి అంగడికి మేళం వెళ్లింది. భాగ్యవ్వ తాళాలు అందుకుంది. తత్వం రెండో చరణంలో ఉండగా సేటు ఒక ముసలి రైతు చేతిని రుమాలు కిందకు లాగాడు. ఆ రైతు పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

నడిపయ్య తంబురాను ఒడిలోంచి దించాడు. ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారు. ఆ పాట మధ్యలో, కల్లు దుకాణంలో మాట్లాడినంత మామూలుగా, ఆయన గొంతెత్తాడు.

"ఏం తాతా, ఎంతకడుగుతుండు సేటు? గట్టిగ చెప్పు. పాపం ఏం రాదు. గా మాట నేనే పుట్టించిన."

భాగ్యవ్వ చేతిలో తాళాలు ఆగాయి. ముసలి రైతు ఒకసారి నడిపయ్యను, ఒకసారి సేటును చూసి, చేయి బయటికి గుంజుకున్నాడు.

"పోయిన అంగడి ధర గూడ ఇస్తలేడు," అన్నాడు. అంతే, కుప్ప కుప్ప దగ్గరా గొంతులు లేచాయి.

"అడుక్కతినేటోనికి అంగట్ల పీట వేసిన," అని సేటు జంపఖానా గుంజించాడు. మళ్లీ మేళాన్ని పిలవలేదు.

ఆ వానాకాలం గుమ్మి అడుగు తొందరగానే కనిపించింది. భాగ్యవ్వ మిగిలిన జొన్నలు కొలిచి పంచుతూ నడిపయ్య వాటా కూడా పక్కన పెట్టింది. ఆయనతో మాత్రం మాట్లాడలేదు.