ముక్కలూ పీలికలూ

దర్జీ మామగారి కొట్లో ఆ రెండు మాటల్నీ కలిపేస్తే కొంప మునిగినట్టే. కొలిచి, సుద్దతో గీసి, కత్తెరతో కోసినవి ముక్కలు. అవి ఒకదానితో ఒకటి చేరి చొక్కా కావాలి. మిగిలి కింద రాలినవి పీలికలు. వాటికి చీపురే దిక్కు. కాజాలు కుట్టడానికి వచ్చిన కొత్తలో కోడలు ఒక జేబు ముక్కను చూపించి "ఈ పీలిక దేనిది మామయ్యా?" అని అడిగినందుకు, ఆయన పూటంతా ముఖం కందగడ్డలా చేసుకున్నాడు.

అలాంటి మనిషి ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడం మానేశాడు. "చేతులు ఖాళీ లేవు, నువ్వెక్కించమ్మా" అంటాడు. ఆమె ఎక్కించి ఇస్తుంది.

ఇవాళ కోటు కుట్టబోతే ఒక చెయ్యి ముక్క కనబడలేదు. ఆయన చిర్రుబుర్రులాడుతూ కొట్టంతా గాలించాడు. నిన్న సాయంత్రం ఊడ్చింది ఎవరో కోడలికి గుర్తుంది. గుట్టుచప్పుడు కాకుండా వెనక్కి వెళ్లి చెత్తసంచి బోర్లించింది. ఆ చెయ్యి ముక్క అందులోనే ఉంది. దులిపి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నేనే పొరపాటున ఊడ్చేశాను మామయ్యా."

తిట్లకు సిద్ధపడి నిలబడింది. ఆయన తిట్టలేదు. గుడ్డను వేళ్లతో చాలాసేపు తడిమాడు.

"నిన్న ఊడ్చింది నేనమ్మా" అన్నాడు.

తర్వాత బల్ల మీదున్న గుడ్డలన్నీ పోగుచేసి ఆమె వైపు జరిపాడు.

"వీటిలో ముక్కలేవో, పీలికలేవో... కాస్త చూసి చెప్పు."