పసుపు చుక్కలు

బెర్గెన్‌లో బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పుకునే తోరున్, నలభయ్యో పడిలో అడుగుపెడుతూ ఉద్యోగం మానేసి పరిశోధనలో చేరింది. సాల్మన్ చేపల మొప్పలను తినేసే జబ్బు ఆమె అన్నయ్య చేపల పెంపకాన్ని ఒక్క వేసవిలో మూయించింది. ఆ జబ్బు తెచ్చే క్రిమి మొప్పల్లోకి ఎలా దూరుతుందో తేల్చాలని ఆమె పంతం.

మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి పని నేర్పింది ఆమె గైడు ప్రొఫెసర్ సిగ్‌వర్టే. క్రిమికి ఆకుపచ్చగా మెరిసే రంగు, మొప్పలోని ఒక ప్రోటీనుకు ఎర్రగా మెరిసే రంగు పట్టించాలి. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి వేస్తే, రెండూ కలిసిన చోట పసుపు కనిపిస్తుంది. అంటే క్రిమి ఆ ప్రోటీనును పట్టుకునే లోపలికి దూరుతోందన్నమాట.

"ఒక్క రంగే వేసిన ముక్కను కూడా చూసుకోవాలంటారా?" అని మొదట్లోనే అడిగిందామె.

"అదంతా చాదస్తం. మనకు యంత్రం దొరికేదే అరకొరగా."

పసుపు చుక్కలు కనబడ్డ రోజు తోరున్ ఏడ్చినంత పని చేసింది. క్రిమి దూరే ద్వారం దొరికిందంటూ వ్యాసం అచ్చయింది.

మరుసటి ఏడు, యంత్రాల గది చూసుకునే మార్గిత్ పెట్టిన శిక్షణకు వెళ్లింది.

"ఆకుపచ్చ రంగు ఒక్కటే వేసి, ఎరుపు చూసే వైపుకు తిప్పండి. అక్కడ చీకటిగా ఉండాలి" అంది మార్గిత్.

తోరున్ తన పరిశోధనలోని చేప మొప్ప ముక్కకే ఆకుపచ్చ ఒక్కటే పట్టించి పెట్టింది. చీకటి లేదు. అవే చుక్కలు మెరుస్తున్నాయి.

"ఆకుపచ్చ వెలుగే ఎరుపులోకి కారుతోంది. అందరికీ అయ్యేదేలే."

"నాది అచ్చయిపోయింది, మార్గిత్."



ఒకదాంట్లోకి ఒకటి కారని వేరే రంగులతో తోరున్ మళ్లీ చూసింది. రెండూ కలిసిన చోటు ఎక్కడా లేదు. సిగ్‌వర్ట్ గదికి వెళ్లి చెప్పింది.

"అయితే ఏమంటావు?"

"వ్యాసం వెనక్కి తీసుకుందామండీ. లేని ద్వారాన్ని నమ్మి, దాన్ని మూసే మందు వేరేచోట్ల వెతుకుతున్నారు."

"వెతకనీ. దొరక్కపోతే వాళ్లే మానుకుంటారు. బడిపిల్లలకు చెప్పినట్టు నాకు నీతులు చెప్పకు."

ఆమే పత్రికకు రాసింది. వ్యాసం రద్దయింది. ఆ రద్దు ప్రకటనలో సిగ్‌వర్ట్ ఒక వాక్యం చేర్పించాడు: బొమ్మలు తీయడంలో పొరపాటు విద్యార్థినిది. తీసిన చేయి ఆమెదే కనక, ఆమె కాదనలేదు. మధ్యాహ్నం రొట్టెడబ్బాలు విప్పేవేళ ఆమె బల్ల దగ్గరికి ఎవరూ రావడం మానేశారు. పట్టా రాలేదు. బడిలో ఆమె చోటు ఎప్పుడో నిండిపోయింది.

కొన్నాళ్లకు మార్గిత్ ఫోన్ చేసింది. "సిగ్‌వర్ట్ ఇప్పుడు ఒక్క రంగు పరీక్ష అందరికీ తప్పనిసరి చేశాడే. మొదటి పాఠంలోనే నీ కథ చెబుతున్నాడు, పేరు పెట్టి మరీ."

"చెప్పనీ. పాఠం నిజమేగా" అని తోరున్ ఫోన్ పెట్టేసింది. 

ఇప్పుడామె ఉత్తరాన ఒక చేపల కంపెనీలో ఉంది. వలల్లోంచి తీసిన చచ్చిన చేపల్ని కోసి, దేనివల్ల పోయాయో రాస్తుంది. అక్కడా ఒక మైక్రోస్కోపు ఉంది. దాంతో పని పడితే పక్కవాళ్లను పిలుస్తుంది.