కట్ట దిగిన నీళ్ల బండి

ఈ తడికి కాలువ నీళ్లు మా చివరి పొలాల దాకా రావన్న కబురు నాకు మొదట చెప్పినవాడు కాలువ లస్కరు. తూములు ఎత్తడం, దించడం అతని పని. పొద్దున్నే వచ్చి, వాకిట్లో ముగ్గు తొక్కకుండా సైకిలు పక్కకు పెట్టి, పైన దర్శి వైపు వాళ్లకే చాలడం లేదని, మన దాకా వచ్చేది బురదేనని చెప్పాడు. చేదు కబురే. అయినా గడపలోకి వచ్చి చెప్పిన మనిషి కాబట్టి మంచినీళ్లిచ్చి దండం పెట్టాను. తెలిసి కూడా చెప్పకుండా ఊరుకున్న పెద్దలు ఊళ్లో ఉన్నారు.

కార్తీక మాసం. మా మూడెకరాల మిరప నిండా పూత మీద ఉంది, కింది కొమ్మల్లో పిందె దిగుతోంది. ఇప్పుడు తడి తప్పితే ఆ పూతంతా చేలోనే రాలిపోతుంది. అప్పటికే నడుము ఆపరేషన్ అయిన మా ఆయన్ని డాక్టరు ట్రాక్టరు ఎక్కొద్దన్నారు. ట్రాక్టరు పోయి దాని చోట ఒక పాత డీజిల్ పికప్పు వచ్చింది. దాన్ని నడిపేది నేనే. నేను బడి ముఖం చూడలేదు. అమ్మ వంటింట్లో నేల మీద బియ్యప్పిండి పరిచి అక్షరాలు దిద్దించింది. లెక్కలు నాన్న గట్టు మీద చెప్పాడు. బండి నడపడం మా ఆయన పక్క సీట్లో నడుముకు దిండు ఆనించుకుని కూర్చుని నేర్పారు. నాకు వచ్చిన ప్రతిదీ ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమగా పెట్టిందే. వాళ్లందరినీ రోజూ దీపం దగ్గర తలచుకుంటాను.

ఊళ్లో నీళ్ల ట్యాంకరు ఉన్నది మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి. వెళ్లి అడిగాను. ఆయన అరుగు మీద కూర్చుని, నా వైపు చూడకుండా ట్రాక్టరు వైపు చూస్తూ చెప్పారు.

"నీళ్లదేముందమ్మాయ్, పోస్తా. ఆ మూడెకరాలు నాకు కౌలుకిచ్చి మీరు సుఖంగా ఇంట్లో కూర్చోండి. వాడికి నడుం లేదు, నువ్వు ఆడమనిషివి. సేద్యం మీ వల్ల కాదు."

"కాదని మీకు అనిపించింది బావగారూ. నాకింకా అనిపించలేదు" అన్నాను.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆ రోజు ఆయన సరేనని ఉంటే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు. అందుకు ఆయనకీ నా నమస్కారం. కానీ పొలం ఇవ్వను. ఆ మాట ఆ అరుగు దిగుతూనే అనుకున్నాను.

తలుపు పక్కన మా తోడికోడలు, బావగారి భార్య, చేటలో బియ్యం చెరుగుతోంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. పొలాలు పంచుకున్నప్పటి నుంచీ మా మధ్య మాటలు పొడిపొడిగానే నడుస్తున్నాయి. నేను గేటు దాటుతుంటే నవ్వింది.

"ఏమే, పికప్పుకి ట్యాంకరు కట్టి లాగుతావా ఏంది?"

ఎగతాళికే అంది. కానీ అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు.

కాలువ కట్టకు అవతల ఒక పెద్దాయనకు మంచి బోరు ఉంది. అడగ్గానే, కరెంటు ఉన్నంతసేపూ పట్టుకెళ్లమ్మా, నీళ్లకు డబ్బులేంది అన్నాడు. ఆయన చల్లగా ఉండాలి. చిక్కల్లా దారిది. బోరు నుంచి మా చేలోకి రావాలంటే కాలువ కట్ట ఎక్కి, వంతెన దాటి, ఇవతల వైపు దిగాలి. ఆ దిగుడు బాగా వాలు.

పికప్పుతో లాగుతానని తెలిసేసరికి ఊరంతా ఒకటే సలహా. వెనక చక్రాల మీద బరువు మోసే కమానుకు కట్టలు ఎక్కించు. మా వైపు బండికి బలం అంటే కట్టలే. మిరప టిక్కీలు, అంటే బస్తాలు, కాసిని ఎక్కువ వెయ్యాలంటే ఇనప పట్టీలు నాలుగు కలిపి బిగిస్తారు, బండి వెనక్కి కుంగకుండా నిలబడుతుంది, పని అయిపోయిందంటారు. టీ కొట్టు దగ్గర ఒకాయన నాలుగు చాలవు, ఆరు అన్నాడు. ఇంకొకాయన, అసలు ఆడవాళ్లు లాగే బండికి ఎన్ని వేస్తే ఏంలే అన్నాడు. నేను విని, వాళ్లకీ ఒక నమస్కారం పెట్టి, చిలకలూరిపేట వెళ్లాను.

అక్కడ హైవే పక్కన, జిన్నింగు మిల్లులు దాటాక ఒక మేస్త్రి షెడ్డు ఉంది. ముక్కోపి అని పేరు. ఆరు కట్టలు వెయ్యమంటే స్పానరు కింద పడేశాడు.

"మోయడానికా, లాగడానికా?"

"రెండూ ఒకటే కదండీ, లోడే కదా" అన్నాను.

"ఒకటెట్టవుద్దమ్మా? గంప నెత్తినెట్టుకుని నడవటం, దూడని తాడేసి లాక్కుపోటం ఒకటేనా? గంప ఎదురు తిరగదు. దూడ తిరుగుద్ది."

లాగగలగడం తర్వాత, ముందు ఆపగలగాలి అని ఆయన వాదన. కట్టలు ఒక్కటంటే ఒక్కటే వేశాడు. ట్యాంకరు తగిలించే కొక్కేన్ని వెనక బంపరుకు కాకుండా చాసీ రెండు దూలాలకూ పలక వేసి బిగించాడు. క్లచ్చి ప్లేటు మార్చాడు. రేడియేటరు విప్పి, లోపల పేరుకున్న మడ్డి నాకు చూపించి, ఇంతకాలం ఇది నిన్ను మోసిందంటే నీ దేవుడు గట్టోడే అన్నాడు. బ్రేకులన్నీ కొత్తవి. ట్యాంకు మాత్రం ట్రాక్టరు వాళ్లదంత పెద్దది వద్దన్నాడు. చిన్నది, రెండు చక్రాలది వెతికి, దానికి సొంత బ్రేకు అమర్చాడు. దాని పని చూస్తే నాకు ముచ్చటేసింది. ముందు బండి నెమ్మదిస్తే వెనక ట్యాంకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే కొక్కెం దగ్గరి కడ్డీ లోపలికి పోయి ట్యాంకు చక్రాలను పట్టేస్తుంది. అది ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా దాన్నదే ఆపుకుంటుంది.

మొదటి రోజు తెల్లవారాక దీపం పెట్టి, బండికి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. స్వామిని నీళ్లు అడగలేదు. బ్రేకులు పట్టేలా చూడు తండ్రీ, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. బయల్దేరేముందు మా ఆయన, మొదటి ట్రిప్పు కదా, సగమే పోయించు, తేలిగ్గా ఉంటుంది అన్నారు. నాకూ సబబుగానే తోచింది.

బోరు దగ్గర నీళ్లు పట్టుకుని కట్ట వైపు వస్తుంటే దారి మలుపులో అక్క నిలబడి ఉంది. చేతిలో ఒక తుమ్మ మొద్దు, దానికి తాడు. నేను రమ్మనలేదు. ఏంటక్కా అంటే, నువ్వు పోనియ్, నేను వెనక నడుస్తా అంది. అంతే.

కట్ట ఎక్కడం బాగానే ఎక్కింది. వంతెన దాటాక కిందికి చూస్తే, వాలు చివర పక్కన బావగారి ట్రాక్టరు ఆగి ఉంది. ఆయనా, ఇంకో ఇద్దరూ దిగి చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఒకటో గేరులో దింపడం మొదలుపెట్టాను. నాలుగు గజాలు దిగానో లేదో ట్యాంకులో నీళ్లు దబ్బున ముందుకొచ్చి కొట్టాయి. ట్యాంకు బ్రేకు పట్టింది. నీళ్లు వెనక్కి పోయాయి, బ్రేకు వదిలింది. మళ్లీ ముందుకు కొట్టాయి. బండి ఎవరో మెడ పట్టుకుని ఊపినట్టు ఊగింది. స్టీరింగు చేతుల్లో తేలిపోయింది, ట్యాంకు ఒక పక్కకు తోసుకుపోతోంది. పక్కన కట్ట అంచు, దాని కింద పల్లం. అప్పుడు నా నోటికి దేవుడి పేరు కూడా రాలేదు.

అద్దంలో అక్క కనిపించింది. పక్కకు జరిగి తాడు పట్టుకుని మొద్దును ట్యాంకు చక్రం ముందుకు విసిరింది. చక్రం దాన్ని ఎక్కబోయి ఆగింది. బండి నిలబడింది. నీళ్లు ఇంకా లోపల అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉన్నాయి.

కింద నుంచి బావగారు కేకేశారు. "ఒసేయ్, నీకేం పనే అక్కడ? ఇంటికి పో!"

అక్క తల ఎత్తలేదు. కొంగు నడుముకు దోపుకుంది.

"పోతా. ఈ బండి కిందికి దిగాక."

పాతికేళ్లుగా ఆ ఇంట్లో ఆమె ఎదురు మాట అనడం నేను వినలేదు. ఆయనా విని ఉండరు. ఆ ఇద్దరు మనుషులు అటు తిరిగి నిలబడ్డారు. అక్క మొద్దు లాగుతూ, వేస్తూ, అడుగడుగునా బండిని దించింది. కిందికి వచ్చాక కిటికీ దగ్గరకు వచ్చి నన్నే తిట్టింది.

"సగం ఎందుకు పోయించావే? బిందె మొయ్యలేదా ఎప్పుడూ? నిండు కుండ తొణకదని ఊరికే అన్నారా?"

ఆ సామెత నేను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అణకువ గల మనుషుల గురించి చెప్పారనుకున్నానే గాని, నిజంగా నీళ్ల గురించి చెప్పారని ఎన్నడూ అనుకోలేదు. నీళ్ల బిందెలు మోసిన మెడ నాది కూడా. బండి ఎక్కేసరికి మర్చిపోయాను.

రెండో ట్రిప్పుకు మూత దాకా నింపాం, పైకి పొర్లేదాకా. ఎక్కేటప్పుడు ఇంజను మూలిగింది. దిగేటప్పుడు మాత్రం నీళ్లు కదల్లేదు. ట్యాంకు బరువుగా, నింపాదిగా, మేస్త్రి చెప్పినట్టే తన బ్రేకు తాను వేసుకుంటూ దిగింది. అక్క మొద్దు చేత్తో పట్టుకుని నడిచిందే గాని వెయ్యాల్సిన పని పడలేదు. బావగారి ట్రాక్టరు అప్పటికి వెళ్లిపోయింది. చాలు వెంట పైపు పట్టుకుని మొక్క మొక్కకూ నీళ్లు పెట్టాం. కరెంటు పోయేదాకా తిరిగాం, మర్నాడు మళ్లీ తిరిగాం. పూత నిలబడింది. కౌలు మాట తర్వాత మా ఇంటి దాకా రాలేదు, వచ్చినా నా జవాబు అదే.

బావగారు అక్కతో చాలా రోజులు మాట్లాడలేదట. కంచం పెడితే తినేవారట గాని పేరు పెట్టి పిలిచేవారు కాదట. అయినా ఆమె ప్రతి పొద్దూ ఆ మలుపు దగ్గర నిలబడింది. రావద్దక్కా, నీకు ఇంట్లో ఇబ్బంది అంటే, ఇబ్బంది నాకు కొత్తా అంది.

ఇప్పుడు ఊళ్లో ఆ సంగతి చెప్పుకునేవాళ్లు పేట మేస్త్రి పనితనం చెబుతారు, ఆడమనిషి స్టీరింగు పట్టిన వైనం చెబుతారు. వెనక నడిచిన మనిషి ఎవరి మాటల్లోనూ లేదు. ముందు నుంచి చూసేవాళ్లకు వెనక నడిచేవాళ్లు కనిపించరు. నాకు అద్దంలో కనిపించింది కాబట్టి చెబుతున్నాను, వినడం ఇష్టం లేనివాళ్లు ఉంటే వాళ్లకూ వినపడేలా చెబుతున్నాను. ఆ మిరప నిలిచింది ఆమె వల్ల. ఇది చదివిన మీరు నన్ను తలచుకోనక్కర్లేదు. దీపం పెట్టే అలవాటు ఉంటే దీపం దగ్గర, లేకుంటే కూడు ముందు కూర్చున్నప్పుడు, మా తోడికోడలిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.