భూదేవి దాచిన నెల

భూదేవికి నోరు తక్కువ. సూరత్ గోడాదరాలో మా పక్క గదిలోనే ఉంటుంది. మొగుడు ముత్యం మిల్లులో మరమగ్గాల సాంచాలు నడుపుతాడు, ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తుంది. పెళ్లయి ఏడేళ్లు. రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. గల్లీ అంతటికీ చెప్పుకోవడం వల్లే దిష్టి తగిలిందని అత్త వజ్రమ్మ నమ్మకం. అందుకే మూడోసారి నెల తప్పగానే, మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పనని కోడలిచేత ఒట్టు వేయించుకుంది. నాక్కూడా చెప్పలేదు.

రెండో నెలలో కుడి డొక్కలో నొప్పి లేచి భూదేవి మెలికలు తిరిగిపోయింది. నర్సింగ్‌హోమ్ డాక్టరు, కిడ్నీలో రాయి ఉందేమో చూడాలని సీటీ స్కాన్ రాశాడు. నెలసరి ఎప్పుడు వచ్చిందని ఆయన అడగలేదు. అత్త పక్కనే ఉంది కాబట్టి ఈమె చెప్పలేదు. కడుపుతో ఉంటే ముందే చెప్పాలని స్కాన్ సెంటర్లో ఇచ్చిన గుజరాతీ కాగితం మీద ముత్యం చదవకుండానే సంతకం పెట్టాడు. చిన్న రాయే, రెండు రోజులకు దానంతటదే పడిపోయింది.

వారం తర్వాత ఆమె వాంతులు చూసి నాకు సంగతి తెలిసింది. ఒళ్లు మండింది. డాక్టరు దగ్గర దాస్తారా ఎవరైనా అని అత్తాకోడళ్లిద్దరినీ కలిపి దులిపేశాను. భూదేవి రానంటున్నా వినకుండా ఆ నర్సింగ్‌హోమ్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, గుజరాతీలో నేనే చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. బిడ్డకు రేడియేషన్ తగిలింది, అవకరంతో పుడుతుంది, తీసేయడం ఒక్కటే దారి అన్నాడు. అంత చదువుకున్నవాడు అంత గట్టిగా చెబితే నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. భూదేవి రెండు రోజులు ఏడ్చి, ఆయన ఇచ్చిన మాత్రలు మింగింది.

నెత్తురు ఆగకపోయేసరికి పెద్దాసుపత్రికి పరుగెత్తాం. అక్కడి లేడీ డాక్టరు రక్తం ఎక్కించి ప్రాణం నిలబెట్టింది. మర్నాడు ఫైలు తిరగేస్తూ కడుపు ఎందుకు తీయించుకున్నారని అడిగింది. చెప్పాను. ఆమె స్కాన్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఎంత రేడియేషన్ పడిందో రాసుకుంది. రెండుసార్లు చూసుకుంది. ఈమాత్రానికి బిడ్డను తీయాల్సిన పనే లేదట.

అక్కడికక్కడే ఆ నర్సింగ్‌హోమ్ డాక్టరుకు ఫోన్ కలిపి, ఎంత రేడియేషన్ పడితే బిడ్డకు ప్రమాదమో మీకు తెలుసా అని అడిగింది. ఆయన జవాబు స్పీకర్లో నాకూ వినిపించింది.

"ఆ లెక్క నాకు తెలీదు మేడమ్. సీటీ కదా, ప్రమాదమే అనుకున్నాను."

స్కాన్ రాసేటప్పుడు లేని భయం, తీసేయమనేటప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడింది! వాళ్ల మాటలన్నీ భూదేవికి తెలుగులో చెప్పాను. మంచం మీద నుంచే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"గా డాక్టరుకు నువ్వు కడుపు ముచ్చట చెప్పకుంటే నా బిడ్డ బతుకుతుండెనా, అక్కా?"

ఏమంటోందని లేడీ డాక్టరు నన్ను గుజరాతీలో అడిగింది.