దువ్వెన పంటికి పైనా, కిందా?

చిత్తూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి వెళ్ళే దారిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. మొన్న సీజన్ మొదలయ్యాక ఒక ఉదయం, ముందు లారీలు అడ్డం పడటంతో దాని గోడ పక్కనే స్కూటర్ ఆపాల్సి వచ్చింది. మగ్గిన కాయల వాసన గుప్పున కొడుతోంది. లోపల రెండు మోటార్లు ఒకేసారి తిరుగుతున్నాయి. వాటి హోరు కలిసి ఒకసారి ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. రెండింటి వేగంలో రవ్వంత తేడా ఉంటే చెవికి అలాగే వినిపిస్తుంది. ఆ హెచ్చుతగ్గులను వేళ్ళ మీద లెక్కపెడుతూ, దారి ఖాళీ అయినా కదలకుండా ఉండిపోయాను. అలా లెక్కపెట్టడం నాకు నేర్పింది మునిరత్నం సార్.

తిరుపతిలో నేను పరిశోధన చేసిన లేజర్ ల్యాబ్‌లో ఆయన టెక్నీషియన్. పూతలపట్టు దగ్గర పల్లెటూరు, డిప్లొమా చదువు, చొక్కా జేబులో ఎప్పుడూ అద్దాలు తుడిచే మెత్తటి కాగితం. పలమనేరు నుంచి వచ్చిన కొత్తలో నాకు ఆ ల్యాబ్ అంటే బెరుకు. కాంతి ఒక్క సెకనులో ఎన్నిసార్లు కంపిస్తుందో నేరుగా లెక్కపెట్టగల పరికరం లేదని పుస్తకాల్లో చదివాను, అంతే. మరి మేం కొలిచేదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆయనే.

"మీ ఊర్లో రెండు మోటార్లు ఒకే తూరి ఆడితే ఇన్నావా? ఊం ఊం అని ఊగతాది సూడు. ఆ ఊగేదే రెండింటికీ ఉండే తేడా. ఈడా అంతే. మనకు తెలిసిన కాంతి ఒకటి, తెలియనిది ఒకటి, రెండూ కలిపి తేడాను లెక్కపెడతాం."

ఆ తెలిసిన కాంతిని దువ్వెన అంటారు. దువ్వెన పళ్ళలా సమాన దూరాల్లో వేల గీతలుంటాయి, ప్రతి గీత విలువా మనకు తెలుసు. మన లేజర్‌ను దాని దగ్గరి పంటితో కలిపితే తెర మీద ఒక సన్నని శిఖరం లేస్తుంది. దాన్ని బీట్ అంటాం. పంటి విలువకు ఆ తేడాను కలిపి లేజర్ విలువ తేల్చేదాన్ని.

మూడో ఏడాదిలో, ఒక వాయువు పీల్చుకునే కాంతికి మా లేజర్‌ను సరిపెట్టి నేను చేసిన కొలత పుస్తకాల్లోని విలువతో సరిపోలేదు. పదే పదే కొలిచాను. ప్రతిసారీ అదే తేడా. మా గైడ్ మేడమ్ కాగితాలు తిరగేసి, "ఇది నిజమైతే మామూలు విషయం కాదు" అన్నారు. బెంగళూరు సదస్సుకు సారాంశం పంపేశాం. నాయన పలమనేరులో పాలు పోయించుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ప్రయాణానికి వారం ఉందనగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక మునిరత్నం సార్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఏదో అడగాలని వచ్చి, అడగలేక, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడిచారు.

"తప్పుగా అనుకోవద్దు మా. నీ లేజర్ ఆ పంటికి పైన ఉండాదా, కింద ఉండాదా? సూసినావా?"

"పైనే ఉంటుంది సార్" అన్నాను.

"ఉంటాదా, ఉండాదా?"

ఉంటుందన్నది నా ఊహే, ఉందని నేను చూడలేదు. బీట్ తేడాను మాత్రమే చెబుతుంది, లేజర్ విలువ పంటి కంటే ఎక్కువో తక్కువో చెప్పదు. మొదటి నెలలో పైన అని అనుకున్నాను. ఆ అనుకోవడం ఎప్పుడు నిజమైపోయిందో నాకే తెలియలేదు. ఇద్దరం పరికరం ముందు కూర్చున్నాం. దువ్వెన పళ్ళను రవ్వంత పైకి జరిపాం. లేజర్ నిజంగా పైనే ఉంటే దూరం తగ్గి శిఖరం ఎడమకు రావాలి. అది నింపాదిగా కుడికి జరిగింది. నేను కలుపుతూ వచ్చిన తేడాను నిజానికి తీసివేయాలి. తీసివేసి చూస్తే నా విలువ పుస్తకంలోని విలువ పక్కకు వచ్చి కూర్చుంది. కొత్త సంగతి అన్నది ఏమీ మిగల్లేదు.

"మీకు ముందే అనుమానం వచ్చిందా సార్?" అని అడిగాను.

"నెల దినాల నుంచి. అడగల్లంటే భయమేసింది. నాకు ఇరవై ఏండ్లప్పుడు ఇంకో ల్యాబ్‌లో ఉన్నా. ఆడ ఒక పిల్లోడు ఇట్నే పొరబడినాడు. నాకు కనపడింది. సదువుకున్నోళ్ళ మధ్యలో మనకెందుకులే అని నోరు మూసుకున్నా. అచ్చయిపోయినాక బయటపడింది. ఆ అబ్బాయి పరిశోధనే ఇడిసిపెట్టి పోయినాడు. అందుకే ఈ పొద్దు అన్నం కూడా సరిగ్గా తినకుండా వచ్చినా."

మేడమ్‌కు చెప్పడానికి ఆయనను తోడు రమ్మన్నాను. రానన్నారు. "నువ్వే సెప్పుకో. నీ నోటితో సెప్తేనే బాగుంటాది."

మేడమ్ గది తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో. అంతా విని ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బెంగళూరు వెళ్దాం. ఎక్కడ పొరబడ్డామో, ఎలా పట్టుకున్నామో అదే చెప్పు" అన్నారు. అలాగే చెప్పాను. ఏదీ దాచకుండా చివరిదాకా చెప్పాను. తర్వాత టీ తాగేచోట ఇద్దరు విద్యార్థులు వచ్చి, తమ కొలతల్లో కూడా ఒకసారి చూసుకోవాలని అన్నారు. ఆ సాయంత్రం బస్సులో హాయిగా నిద్రపోయాను.

సరిచేసిన ఫలితం వ్యాసంగా వచ్చినప్పుడు రచయితల్లో మునిరత్నం సార్ పేరు కూడా పెట్టాలని నేను అడిగేలోపే మేడమ్ రాసేశారు. ఆయన ఆ పేజీని చాలాసేపు చూసి, "ఇంటిపేరు కూడా ఏసినారే" అని మాత్రం అన్నారు. రిటైరయ్యాక సొంతూరు చేరారు. ఆవుల్ని చూసుకుంటున్నారు. ఫోన్ చేస్తే ముందు నా పిల్లల సంగతి, తర్వాత ల్యాబ్ సంగతి అడుగుతారు.

ఇప్పుడు నా ల్యాబ్‌లో కస్తూరి అనే టెక్నీషియన్ ఉంది. మాట తక్కువ. పోయిన నెల నేను వేసిన ఒక లెక్క చూసి, విద్యార్థులందరి ముందు, "మేడమ్, ఆ లెక్క ఇంకోతూరి సూస్తారా?" అంది. ఒక్క క్షణం నాకు చిరాకేసింది. కూర్చుని మొదటి నుంచి వేశాను. లెక్క సరిగానే ఉంది. కస్తూరి ముఖం చిన్నబోయింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు అనుమానం వచ్చిందో మొత్తం చెప్పించుకున్నాను. లేచేటప్పుడు, రేపు ఇంకొకటి కనిపిస్తే మళ్ళీ ఇలాగే అందరి ముందూ అడగమన్నాను.