మా తమ్ముడు బిడ్డ అన్నడు

మా తమ్ముడు ఎల్లయ్యకు పుట్టుకతోనే సిగ్గు. ఇంటికి సుట్టాలొస్తే వడ్ల గుమ్మి ఎన్కకు పోయి నిలబడేటోడు, వాళ్లు పోయేదాక బయటికి వచ్చేటోడు కాదు. పెండ్లి పీటల మీద కూడ తల ఎత్తలే. ఇంత వయసొచ్చినా గంతే. పది మంది నడుమ సద్ది తినడు, గోడ దిక్కు తిరిగి తింటడు.

నేను నర్సమ్మను, వాని పెద్దక్కను. నాకు ఆ బాధ లేదు. నా నోట్లె నువ్వుగింజ నానది. అందుకే వాని ముచ్చట వాడు చెప్పుకోడు గని నేను చెప్తున్న. ఇంకో మాట ముందుగాలనే చెప్త. వానికి ఉన్నది ఒక్కతే సంతానం, మధు. బడిల రాసిన పేరు మధుకర్. అయినా నేను 'మధు వచ్చింది, మధు తిన్నది' అనే అంట. ఎవలకన్న కడుపు మండితే సల్ల తాగున్రి.

సిద్దిపేట దిక్కు మా ఊర్లె బాయిలు ఎండినంక అందరం పట్నం చేరినం. వాడు మొదలు ఖాజాగూడల రాళ్లు కొట్టిండు. మా మరదలు కొమురమ్మ జరమొచ్చి దవాఖానలనే సచ్చిపోయింది. అప్పటిసంది పిల్లను వాడే సాదిండు. ఇగ మాధాపూర్ల కంప్యూటర్ కంపెనీలకు బిల్డింగులు లేసుడు షురువయినంక ఒక కాడ వాచ్‌మన్ నౌకరి దొరికింది. నీలం డ్రెస్సు, మెడల సీటీ. ఆ సీటీ ఊదనీకె కూడ సిగ్గే వానికి. లారీ ఎన్కకొస్తుంటే రెండు చేతులు ఊపుతడు గని ఊదడు.

ఆడ ఇంజినీరు సారు కోస్తా దిక్కాయన. ఒకపారి వాడు ఛుట్టీ అడగబోయి, "సార్, మా అక్క బిడ్డ పెండ్లి" అన్నడట. "అబ్బాయా, అమ్మాయా?" అన్నడట ఆ సారు. మావోడు బిత్తరపోయి చూసిండట. మాకు కొడుకంటే కొడుకు, బిడ్డంటే ఆడివిల్ల. పిలిచేటప్పుడు ఎవలనైన 'తిను బిడ్డా' అంటం, అది ముద్దుకు. 'నా బిడ్డ' అని చెప్తే మాత్రం ఆడివిల్లనే. వాళ్ల దిక్కేమో కొడుకైనా బిడ్డనే, కూతురైనా బిడ్డనే. ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్పుకుంట, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్వీ నవ్వీ సచ్చిండు.

సైటుకు కొంచెం దూరంలనే యూనివర్సిటీ. అండ్ల మగపిల్లల హాస్టల్ మెస్సుల నేను వంట చేస్త. మధుకు ఆడనే ఎం.ఏ. సీటొచ్చింది. అబ్బో, ఎల్లయ్యను అప్పుడు చూడాలె! లారీ డ్రైవర్లకు, ఇసుక ఎత్తేటోళ్లకు, అడిగినోనికి అడగనోనికి చెప్పిండు, మావోడు పెద్ద సదువు సదువుతుండని. ఆ నెల సీటీ కూడ ఊదిండట.

తర్వాత మధు జుట్టు పెంచింది. కండ్లకు సన్నగ కాటుక పెట్టింది. హాస్టల్ పోరగాండ్లు ఊకుంటరా? తానానికి పోతే బయటికెల్లి గొళ్లెం పెట్టుడు, మెస్సుల కూసుంటే పక్కోడు పళ్లెం పట్టుకొని లేసిపోవుడు. ఒకనాడు నేను పప్పు గంటె పట్టుకొని ఉరికిన. గని ఎంతమందినని కొడ్త? అప్పటిసంది మధు అందరు తిన్నంక వంటింట్లకొచ్చి నా తాన్నే కూసొని తిన్నది.

ఒకపారి నేను బియ్యంల రాళ్లేరుతుంటే పక్కపొంటి కూసొని అన్నది, "అత్తమ్మా, నేను బాపుకు కొడుకును కాదు. బిడ్డను."

ఉన్నదున్నట్టు చెప్త, నాకేం సమజ్ కాలే. "ఏదైతేంది, అన్నం సల్లారుతుంది, మొదలు తిను" అన్న. ఏడ్సుకుంట నవ్వుకుంట తిన్నది పిల్ల.

సద్దుల బతుకమ్మకు మధు మా ఇంటికొచ్చి చుడీదార్ ఏసుకున్నది. నేనే తలల బంతిపువ్వు పెట్టిన. "బాపుకు సత్తుపిండి ఇచ్చొస్త" అని డబ్బ పట్టుకొని సైటుకు పోయింది. గేటు కాడ ఎల్లయ్యతోని ఇంక కొంతమంది వాచ్‌మన్లు ఉన్నరు, అందరు మెదక్, జనగామ దిక్కోళ్లు. "బాపూ" అని పిలిచింది. అండ్ల ఒకడు ఇకిలించుకుంట, "ఎవలే ఎల్లయ్యా, ఆమె? నిన్ను బాపు అంటుంది?" అన్నడు.

మా తమ్ముడు నేల సూసుకుంట, "ఏమో, నాకెర్కలేదు" అన్నడు.

మధు డబ్బ గేటు కాడ కింద పెట్టి ఎన్కకొచ్చింది. నాకు ఉన్న మాట చెప్పింది గని ఏడ్వలే. ఏడ్సినా బాగుండు.

డ్యూటీ అయినంక ఎల్లయ్య ఆ డబ్బ పట్టుకొని మా ఇంటికి వచ్చిండు. మూత కూడ తియ్యలే. నాకు ఒళ్లు మండింది. "కాకిపిల్ల కాకికి ముద్దంటరు. నీకు ఆ కాకికున్నంత ఇగురం లేదార? కన్న పిల్లను ఎర్కలేదంటవా, ముదనష్టపోడా!" అని తిట్టిన.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది అక్కా. వాళ్లకు ఏమని చెప్పాలె?"

"సిగ్గయితుందా నీకు మధును జూస్తే?"

వాడు డబ్బ మూతనే గీకబట్టిండు. "అప్పుడు గదే అనుకున్న. ఇప్పుడు నన్ను జూస్తే నాకే సిగ్గయితుంది" అన్నడు. మధు అవుతల గదిల ఉన్నది. పోయి మాట్లాడుమంటే పోలే. ఏ మొఖం పెట్టుకొని పోవాలె అన్నడు.

ఇంతల హాస్టల్ల పంచాతి లేసింది. మధును ఎల్లగొట్టాలని పోరగాండ్లు వార్డెన్ సారు కాడికి పోయిన్రు. ఆయన పేరు విశ్వేశ్వరరావు, గుంటూరు దిక్కాయన. మధుకు సదువు చెప్పే సరిత మేడం ఆయనతోని కొట్లాడింది. వరండ చివరన, లోపటనే బాత్రూం ఉన్న గెస్టు రూము ఒకటి ఉత్తగనే తాళమేసి ఉన్నది, అది ఇయ్యమన్నది.

"ఇక్కడ మగవాళ్ల హాస్టలుంది, ఆడవాళ్ల హాస్టలుంది. మధ్యలో ఏమీ లేదండి, నేనేం చెయ్యను?" అన్నడు సారు. మేడం ఇడిస్తెనా? ఆఖరికి ఆయన దిగొచ్చిండు. "సరే, తండ్రిగారొచ్చి నాతో ఒక్క మాట చెబితే ఇస్తానండి. రేపు ఇంటివాళ్లే వచ్చి మా పిల్లాణ్ణి ఒంటరిగా ఎందుకు పెట్టారంటే నేనేం చెప్పుకోను?"

ఇగ చూడున్రి. ఆ గది దొరికితే సదువు ఉంటది, లేకుంటే మధు పెట్టె సర్దుకోవాలె. మాదే కిరాయి ఇల్లు, దినాం ఉంచుకుంటే ఇంటాయన ఊకోడు. బయట ఎవలు కిరాయికిస్తరు? అంత పోయి పోయి మా తమ్ముని నోట్ల ఒక్క మాట మీద పడ్డది. మాటంటేనే సిగ్గుపడేటోని నోట్ల!

నేను పోయి గుంజుకొచ్చిన. ఇస్త్రీ డ్రెస్సు ఏసుకున్నడు. చెప్పులు ఆఫీసు బయట ఇడిసి, రెండు చేతులు కట్టుకొని నిలబడ్డడు. మధు నా పక్కకు ఉన్నది.

"రండి ఎల్లయ్యగారూ. ఇతను మీ..." అని అడిగిండు సారు.

"నా బిడ్డ సార్" అన్నడు.

మధు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. నాకు గుండె ఇంత లావయింది. అరే, అన్నడే!

"మంచిదండి. అయితే మీ అబ్బాయికి ఆ గది ఇవ్వడం మీకు సమ్మతమేగా?"

మా తమ్ముడు మధు దిక్కు చూసిండు, నేల చూసిండు. "ఔ సార్" అన్నడు.

తాళం చెయ్యి చేతికొచ్చింది. బయటికొచ్చినంక నేను వాని ఈపు తట్టిన, "శభాష్ తమ్మీ" అని. వాడు మెట్ల మీదనే కూలవడ్డడు.

"మెచ్చుకోకు అక్కా. ఆ సారుకు సమజ్ కాదని ఎర్కయ్యే అన్న. మా ఇంజినీరు సారు తీర్గనే ఈయన గూడ. సమజ్ అయ్యేటోడైతే నా నోరు లేవకపోవు." మల్ల లేసిండు. "ఆగు, పోయి సక్కగ చెప్పొస్త."

మధు రెక్క పట్టి ఆపింది. "వద్దు బాపూ. ఆడివిల్ల అంటే ఈడ గదియ్యరు. ఆడోళ్ల హాస్టల్లకు రానియ్యరు. సదువు పోతది."

అబద్ధానికైతే గది, నిజానికైతే బజారు. ఇదేం నాయమో ఆ రూలు రాసినోళ్లనే అడగాలె. మా తమ్ముడు తువ్వాలతోని మొఖం కప్పుకొని ఏడ్సిండు. పోరగాండ్లు వచ్చుకుంట పోవుకుంట చూస్తున్నా లేవలే.

మల్ల ఐతారం మధు మా ఇంట్ల ఉంటే వాడు పొద్దుగాల్నే వచ్చిండు. మధుతోని అన్నడు, "డబ్బ పట్టుకొని గేటు కాడికి రా. ఆ నాటి బట్టలేసుకొనే రా." మధు రానన్నది. ఒకపారి అయిన బేఇజ్జతి సాలదా అన్నది. వాడు బతిలాడలే, తల దించుకొని పోయిండు. నేనే మధును లేపి తోలుకపోయిన.

గేటు కాడ మల్ల ఆ వాచ్‌మన్లే. మల్ల ఆ ఇకిలింపోడే. "ఏందే ఎల్లయ్యా, ఆమె మల్లొచ్చింది. ఎవలో ఎర్కలేదంటివి?"

మా తమ్ముడు తల ఎత్తలే. చెవులు ఎర్రగయినయి. వాని సిగ్గు ఏడికీ పోలే, ఆ సిగ్గుతోనే అన్నడు.

"నా బిడ్డ."

ఆడున్నోళ్లకు ఆ మాటకు ఇంకో అర్థం ఎర్కలేదు. "బిడ్డనా? నీకు ఉన్నది ఒక్క కొడుకు గదనే?"

"కొడుకు కాదు, బిడ్డనే. అప్పుడు ఎర్కలేదన్న, అబద్ధమాడిన."

వాళ్లు నవ్విన్రా? నవ్విన్రు. ఎందుకు నవ్వరు? మా తమ్ముడు మధు చేతులకెల్లి డబ్బ తీసుకొని, ఎప్పటి తీర్గనే పోయి గోడ దిక్కు తిరిగి కూసొని తినబట్టిండు. మధు జరసేపు నిలబడి చూసింది. తర్వాత పోయి వాని పక్కకు, గోడ దిక్కే తిరిగి కూసున్నది.