మసక లైటు

కారు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్ ఇళ్లకు కరెంటు కలపడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా అదే షెడ్డు, దాని వెనకే ఇల్లు. కారుకీ ట్రైలరుకీ మధ్య ఉండే ఏడు పిన్నుల ప్లగ్గును కళ్లు మూసుకుని విప్పి బిగించగలడు. లైట్లు పరీక్షించడానికి మాత్రం ఇద్దరు కావాలి. సీట్లో కూర్చుని ఆయన మీటలు నొక్కితే, వెనక నిలబడి భార్య చూసి చెబుతుంది. పొయ్యి మీద కూర ఉన్నా మంట తగ్గించి వస్తుంది.

కిందటి వారం ఆమె తమ్ముడి ట్రైలరుకు తుప్పు గీకి, నల్లరంగు వేసి, కొత్త వైర్లు లాగాడు.

"బ్రేకు?"

"వెలిగింది గానీ, మసగ్గా ఉందండీ."

"లైటు బాగానే ఉంది. నీ కళ్లద్దాలు తుడుచుకో."

పక్కనే నిలబడ్డ తమ్ముడు పకపకా నవ్వాడు. ఆ రోజు నుంచి కంచం బల్ల మీదకు వస్తోంది, మాట రావడం లేదు.

ఇవాళ పొద్దున పెళ్లాం పిల్లలతో బయల్దేరిన తమ్ముడు గంటలో తిరిగొచ్చాడు. దారిలో వెనక లైట్లన్నీ ఆరిపోయాయట. లారీ ఒకటి వెంట్రుకవాసిలో తప్పిందట.

"ఇంకోసారి ఆరితే ఈ ప్రయాణమే వద్దు బావా."

"నువ్వే ఏదో కెలికుంటావు."

"ప్లగ్గు పెట్టడం తప్ప ఏం ముట్టుకోలేదు. అక్కనడుగు."

"మీ అక్క నాతో మాట్లాడితేగా!"

ఆయన ట్రైలరు కిందికి దూరాడు. లైట్ల నుంచి కరెంటు తిరిగి వెళ్లే ఎర్త్ వైరును తాను కొత్త పెయింటు మీదే బిగించాడు. పెయింటు కరెంటును పోనివ్వదు. షెడ్డులో ఉన్నంతసేపు రెండు బళ్లనూ కలిపే కొక్కెం ఇనుము ఆ వైరు పని కొంత చేసింది. రోడ్డు కుదుపులకు అదీ పోయింది. ఆ రోజు ఆమె చూసిన మసక ఆ అరకొర కరెంటుదే.

గీకి, బిగించి, ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అయినా ఇనుము తళతళలాడేదాకా గీకి, వైరు బిగించి, బయటికొచ్చి, తమ్ముడు వింటుండగానే వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పెయింటు మీద బిగించాను. నువ్వు చెప్పిందే నిజం. ఒకసారి వచ్చి చూడు."

ఆమె మంట తగ్గించింది. "కళ్లద్దాలు తుడుచుకుని రావాలా?"

"అక్కర్లేదు. వస్తే చాలు."

ఆమె ట్రైలరు వెనకకు వెళ్లి నిలబడింది.

"బ్రేకు?"

"వెలిగింది."

ఆయన బ్రేకు మీంచి కాలు తీయలేదు. "ఎలా వెలిగింది?"

"కళ్లు చెదిరేలా. ఇక కాలు తీయండి, అక్కడ కూర మాడుతోంది."